ఎస్‌ఎంపీఎస్ చేసిన తప్పు, గ్రాఫిక్స్ కార్డు మీద నింద

పోయిన వారం కీబోర్డుల గురించి రాస్తూ, ఈ వారం మానిటర్ల సంగతి చూద్దామన్నాను. మానిటర్లు ఎక్కడికీ పోవు, ఆగుతాయి. ఎందుకంటే మంగళవారం రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, కార్డు పోయిందంట."

ఏటీఎం కార్డేమో అనుకున్నాను. కాదు, గ్రాఫిక్స్ కార్డు.

వాడిది విజయవాడ. బీటెక్ మూడో ఏడాది. పగలు కాలేజీ, రాత్రి గేములు, మధ్యలో ఖాళీ దొరికితే పెళ్లి వీడియోల ఎడిటింగ్. ఎడిటింగ్‌లో డబ్బులొస్తాయని చెప్పి ఇంట్లో ఒప్పించి, పిన్ని చీటీ పాడిన డబ్బుతో పోయిన దసరాకి పీసీ కట్టించుకున్నాడు. బాబాయి ఇళ్లకి వైరింగ్ చేస్తాడు. ఆయనకి ఆ పీసీ అంటే మొదట్నుంచీ పడదు. దాన్ని "డబ్బా" అంటాడు.

ఆ డబ్బా పది రోజులుగా ఆడుతూ ఆడుతూ ఆగిపోతోంది. వాలరెంట్ గంటలు గంటలు ఆడినా ఏమీ కాదు. సైబర్‌పంక్ పెట్టిన ఐదు నిమిషాలకి ఆఫ్. వీడియో ఎక్స్‌పోర్ట్ కొడితే సగంలో ఆఫ్. కొన్న షాపుకే తీసుకెళ్తే రెండు గంటలు ఉంచుకుని, "ఎస్‌ఎంపీఎస్ చూశాం, బానే ఉంది, కార్డే పోయింది. కొత్తది 26 వేలు, పాతది నాలుగు వేలకి మేం తీసుకుంటాం" అన్నారట. ఆదివారం సాయంత్రానికి ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి. వాడి గొంతు చూస్తే ఇంకేదో చెప్పాలనుకుంటున్నాడని అర్థమైంది.

"అమ్మ బీరువాలో చెల్లి హాస్టల్ ఫీజు ఉంది అన్నయ్యా. పెళ్లి వాళ్లు ఇవ్వగానే మళ్లీ పెట్టేస్తా. అమ్మకి తెలీదు."

నేను వెంటనే తిట్టలేకపోయాను. ఎందుకంటే అంతకు వారం ముందు వాడు ఇదే సమస్య చెబితే, పనిలో ఉండి సరిగ్గా వినకుండానే "విండోస్ మళ్లీ వేసెయ్" అనేసింది నేనే. వాడు ఒక పూటంతా కూర్చుని విండోస్ వేశాడు, గేములన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేశాడు. ఏమీ మారలేదు. విండోస్ మళ్లీ వేయించడం మా జాతికి ఉన్న జబ్బు. ఏం తోచకపోతే అదే చెప్తాం.

"బీరువా జోలికి పోకు. శనివారం పొద్దున్నకల్లా నేనొస్తా" అన్నాను.

అయితే ఫోన్ పెట్టే ముందు ఒక ప్రశ్న అడిగాను. వారం ముందే అడగాల్సింది. "ఆగిపోవడం అంటే ఎలా? నీలం స్క్రీన్ వస్తుందా? బొమ్మ అలాగే బిగుసుకుపోతుందా? లేకపోతే కరెంటు పోయినట్టా?"

"కరెంటు పోయినట్టే. లోపల టక్కుమంటుంది, అంతా చీకటి. ఒకోసారి దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంది."

పీసీ ఆగిపోతోందని ఎవరన్నా అంటే ముందు అడగాల్సింది ఇదే. ర్యామ్ పాడైనా, డ్రైవర్ తేడా చేసినా చాలాసార్లు విండోస్ ఏదో ఒకటి చెప్పి పోతుంది. నీలం స్క్రీన్, ఎర్రర్ కోడ్, బిగుసుకుపోవడం. గ్రాఫిక్స్ కార్డు చెడితే స్క్రీన్ మీద రంగు రంగుల గళ్లు, చారలు రావచ్చు. ఆట మాత్రమే మూసుకుపోవచ్చు. మాట కూడా చెప్పకుండా మొత్తం చీకటైపోయిందంటే మాత్రం, కరెంటు వచ్చే దారిలో ఎక్కడో తెగుతోందని ముందు అనుమానించాలి. మదర్‌బోర్డు, ప్రాసెసర్ మరీ వేడెక్కినా ఇలా జరగొచ్చు, కానీ అది రెండో అనుమానం.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నల్-పవర్ 41' అని ఎర్రగా కనిపిస్తుంది. మావాడు దాని స్క్రీన్‌షాట్ పంపి "పవర్ అని ఉంది కదా అన్నయ్యా, దొరికేసింది" అన్నాడు. దొరకలేదు. ఆ 41కి అర్థం, 'పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను' అని మాత్రమే. మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా అదే వస్తుంది. అది రోగం పేరు కాదు, రోగి పడిపోయాడన్న కబురు.

శనివారం పొద్దున్న ఏడింటికి బస్సు దిగాను. మే నెల, ఏడింటికే చెమట. పిన్ని ఇడ్లీ పెడుతూ, "ఆ గేముల వల్లే పాడైందిరా, రాత్రంతా ఆడితే పాడవదా" అంది. నవ్వాను కానీ ఆమె మాటలో కొంత నిజం ఉంది. అది తర్వాత చెప్తాను.

ముందు వేడి సంగతి తేల్చుకున్నాను. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో పెట్టి చూస్తే ఆగిపోయే క్షణానికి ప్రాసెసర్ 74, కార్డు 71 డిగ్రీలు. రెండూ మామూలే. దుమ్ము బాగానే ఉంది, బ్రష్ పెట్టి దులిపాం. తేడా లేదు.

తర్వాత గోడ. వాడి గదిలో పీసీ ఒక పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఉంది. అదే బాక్సులో మానిటర్, స్పీకర్లు, ఫోన్ చార్జర్, దోమల మందు కూడా. గది మొత్తం ఇన్వర్టర్ లైను మీద ఉంది. ఇన్ని మధ్యవర్తులుంటే ఎవరిది తప్పో తెలీదు. అన్నీ తప్పించి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడాలి. ఇన్వర్టర్ లేని లైను ఇంట్లో ఒక్కటే ఉంది. వంటింట్లో ఫ్రిజ్‌ది.

పీసీని మోసుకెళ్లి వంటింట్లో స్టూల్ మీద పెట్టి, ఫ్రిజ్ ప్లగ్ తీశాను. "పాలు విరిగిపోతే మీ ఇద్దరికీ టీ లేదు" అని పిన్ని గడియారం చూసింది. "అరగంట పిన్నీ."

గేమ్ పెట్టాం. ఆరు నిమిషాలకి టక్. చీకటి.

అంటే ఇన్వర్టర్, బాక్సు దోషులు కావు. కానీ ఆ అరగంటలో ఇంకోటి బయటపడింది. క్యాబినెట్ పట్టుకుని పక్కకి జరుపుతూ మావాడు "అరె, ఇక్కడ షాక్ కొట్టట్లేదే" అన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న బాబాయి ఆగాడు. "ఎక్కడ కొడుతోంది?"

"నా గదిలో. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది నాన్నా. పీసీలకి మామూలే అంట కదా."

బాబాయి ఏమీ అనలేదు. చెప్పులు విప్పి, సంచిలోంచి టెస్టర్ తీసుకుని వాడి గదిలోకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఆ గదిలో ఎర్త్ లేదు. ఓనరు పైన వేసిన గదికి రెండు తీగలే లాగించాడు. మూడో కన్నం ఉత్తుత్తిదే" అన్నాడు. పనికి వెళ్లలేదు ఆ రోజు.

దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే ఉంటుంది కాబట్టి. ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు తీగల నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. విద్యుత్ గోల బయటికి పోకుండా చేయడం వాటి పని. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఇనుము మీదే నిలబడుతుంది. 230 వోల్టుల్లో దాదాపు సగం, అంటే 115 దాకా చూపించొచ్చు. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ లోపల నిజంగా ఏ తీగో తెగి క్యాబినెట్‌కి తగిలిన రోజున, దాన్ని నేలలోకి తీసుకెళ్లే దారే ఉండదు. అప్పుడు ఆ దారి మీరే అవుతారు. 'మామూలే' అనుకునే జివ్వు అది.

మళ్లీ మన కేసుకి వద్దాం. క్యాబినెట్ పక్క తలుపు తీశాను. తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన, లైట్‌గా. కార్డుకి వెళ్లే 8 పిన్నుల ప్లగ్ వెనక ఒక కన్వర్టర్ ఉంది. రెండు పాత నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్లని కలిపి 8 పిన్నులుగా మార్చే తీగ. రెండు మోలెక్సులూ ఒకే తీగ మీదివే. అందులో ఒక దాని తెల్ల ప్లాస్టిక్, పసుపు తీగ దగ్గర, మాడిన దోసె అంచు రంగుకి వచ్చింది.

ఎందుకు ఆ కన్వర్టర్? ఎస్‌ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డు కనెక్టరే లేదు కనుక. కార్డు ఆర్‌టీఎక్స్ 3060. ఒక్కదానికే 170 వాట్లు కావాలి. మొత్తం సిస్టమ్‌కి 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్‌విడియానే చెప్తుంది. మరి వీడికి ఉన్నది? క్యాబినెట్‌తో పాటు 'ఫ్రీ'గా వచ్చిన 450 వాట్ల డబ్బా. బడ్జెట్ సరిపోక, "కార్డు మంచిది వేద్దాం, ఎస్‌ఎంపీఎస్ దీంతో నడిపిద్దాం" అన్నారట షాపులో. వీడు సరేనన్నాడు. ఎస్‌ఎంపీఎస్‌కి లైట్లుండవు, ఎఫ్‌పీఎస్ పెంచదు, ఫ్రెండ్స్‌కి చూపించుకోలేం. దాని మీద ఎవరు డబ్బు పెడతారు?

దాని పక్కన అంటించిన లేబుల్ మావాడితో చదివించాను. పైన పెద్దక్షరాల్లో 450. కింద చిన్న గళ్లలో 12 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లు.

"గుణించు."

"264."

"నీ ప్రాసెసర్, నీ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. కార్డు 170. రైజెన్ 5600 పూర్తిగా పనిచేస్తే 76. ఫ్యాన్లు, హార్డ్ డిస్క్ వేరే. కలుపు."

వాడు కలిపి నోరు మూసుకున్నాడు. పెద్దక్షరాల్లో ఉన్న 450 ఎక్కడిదంటే, ఈ రోజుల్లో పెద్దగా పనిలేని 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్కలు కూడా కలిపి వేసింది. మీరు ఇప్పుడే లేచి మీ పీసీ లేబుల్ చూడండి. 12 వోల్టుల గడిలోని ఆంపియర్లని 12తో గుణించండి. మీ అసలు సంఖ్య అది.

మరి దసరా నుంచి ఎనిమిది నెలలు ఎలా నడిచింది? ఇక్కడే పిన్ని మాట. ఎస్‌ఎంపీఎస్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి, లోపల ద్రవం ఉన్న చిన్న డబ్బాల్లాంటివి. వేడికి ఆ ద్రవం మెల్లగా ఆవిరైపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్లు లెక్కేస్తారు. రోజూ రాత్రి అంచుదాకా లాగి, పైన మే నెల బెజవాడ ఎండని చేర్చండి. అక్టోబర్‌లో మోసిన బరువు మేలో మోయలేకపోయింది. వాలరెంట్ తేలిక ఆట, కార్డు మీద అంత బరువుండదు కాబట్టి నడిచింది. సైబర్‌పంక్, వీడియో ఎక్స్‌పోర్ట్ అలా కాదు. పైగా ఈ కార్డులు ఒక్క నిదానం మీద తాగవు. సెకనులో వెయ్యో వంతు పాటు మామూలు కంటే చాలా ఎక్కువ గుంజి వదులుతుంటాయి. ఈ గొడవ పెరిగాకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, అలాంటి గుంజుళ్లని తట్టుకోవాలని ప్రత్యేకంగా రాశారు.

అనుమానం బలంగానే ఉంది. కానీ అనుమానం మీద డబ్బు ఖర్చుపెడితే మనకీ ఆ షాపుకీ తేడా ఏముంది? కొలిచి చూడాలి.

ముందు బరువుని విడదీశాం. సినీబెంచ్‌తో ప్రాసెసర్ ఒక్కదాన్నే పది నిమిషాలు పరిగెత్తించాం. ఏమీ కాలేదు. ఫర్‌మార్క్‌తో కార్డు ఒక్కదాన్నే పెడితే నాలుగు నిమిషాలకి టక్. రెండూ కలిపి పెడితే పదిహేను సెకన్లు కూడా ఆగలేదు. ఆ తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి మళ్లీ అదే గేమ్ పెట్టాం. ఇరవై నిమిషాలు ఆడింది! మావాడు "అయితే ఇలాగే వాడుకోవచ్చా?" అన్నాడు. ఆ కాలిన కనెక్టర్ వైపు వేలు చూపించాను.

తర్వాత మల్టీమీటర్. బాబాయిదే. ఇంకో తీగ మీద ఖాళీగా వేలాడుతున్న మోలెక్స్‌లో నల్ల ప్రోబ్ నల్ల తీగ దగ్గర, ఎర్ర ప్రోబ్ పసుపు తీగ దగ్గర పెట్టాలి. డీసీ 20 వోల్టుల రేంజ్. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలకూడదు, అంతే జాగ్రత్త. నిబంధన ప్రకారం 12 వోల్టులు ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 11.4 నుంచి 12.6 దాకా.

ఖాళీగా ఉన్నప్పుడు 11.83.

గేమ్ పెట్టాం. 11.6. 11.5. బాబాయి మీటర్ పట్టుకుని కూర్చున్నాడు, కదలకుండా. 11.3. "దిగిపోతోందిరా" అన్నాడు. 11.1 దగ్గర టక్.

వంటింట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇది కన్వర్టర్ తీగ మీద చూసిన కొలత కాదు, వేరే తీగ మీద చూసింది. అంటే కన్వర్టర్ ఒక్కటే కాదు, లోపల ఎస్‌ఎంపీఎస్సే కూలబడుతోంది. సాఫ్ట్‌వేర్‌లో చూపించే వోల్టేజ్ అంకెల్ని మాత్రం నమ్మకండి. ఆ రోజు వీడి స్క్రీన్ మీద 12 వోల్టుల దగ్గర ఏవో తలాతోకా లేని అంకెలు కనపడుతున్నాయి. కొన్ని వందల రూపాయల మీటర్ నయం.

మరి షాపులో "చూశాం, బానే ఉంది" అన్నారుగా? ఎలా చూశారని అడిగితే మావాడు చెప్పాడు. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగని పక్కనున్న నల్ల తీగతో పేపర్ క్లిప్ పెట్టి కలిపారట. ఫ్యాన్ తిరిగిందట. అయిపోయింది. ఆ పరీక్షతో ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుందో లేదో మాత్రమే తెలుస్తుంది. ఖాళీ లారీ ఇంజిన్ స్టార్ట్ అయితే ఇరవై టన్నులు లాగుతుందని చెప్పగలమా?

ఇక ఆఖరి పరీక్ష, మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటం. వాడి ఫ్రెండ్ దగ్గర 650 వాట్లది ఉంది. ఫోన్ చేస్తే బండి మీద తెచ్చిచ్చాడు, మంచి పిల్లాడు. అయితే అది మాడ్యులర్. తీగలన్నీ ఊడొచ్చే రకం. హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా తీగ మాత్రం దొరకలేదట. "ఏం ఫర్లేదన్నా, మా అన్నయ్య ఎస్‌ఎంపీఎస్‌ది తెచ్చాను, వేరే కంపెనీది, కానీ కన్నంలో సరిగ్గా పడుతుంది" అని, నేను చూసేలోపే గుచ్చేశాడు. స్విచ్ ఇంకా వేయలేదు.

నా గుండె ఒక్క క్షణం ఆగింది. ఎస్‌ఎంపీఎస్ వైపు కన్నాల్లో ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలన్నదానికి అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతి లేదు. ఆకారం ఒకటే ఉంటుంది, లోపల వరుస మారిపోతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తే హార్డ్ డిస్క్ అక్కడికక్కడే పోతుంది. ఆ రెండు టీబీ డిస్క్‌లో ఆ పెళ్లి ఫుటేజ్ మొత్తం ఉంది. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు. ఇంకో కాపీ ఉందా అని అడిగాను. మావాడు నేల చూశాడు.

కెమెరా వాళ్లు కార్డులు ఎప్పుడో ఖాళీ చేసేశారట. 26 వేలు పోతే ఎలాగో సంపాదించుకోవచ్చు. వాళ్ల పెళ్లి మళ్లీ చేయించలేం.

ఆ తీగ తీసి పక్కన పడేశాను. పరీక్షకి హార్డ్ డిస్క్ అక్కర్లేదు. విండోస్, గేములు ఉన్నది మదర్‌బోర్డుకే గుచ్చిన ఎన్‌వీఎమ్ఈ డ్రైవ్‌లో, దానికి తీగే లేదు. డిస్క్‌ని పూర్తిగా విడదీసి, ఫ్రెండ్ ఎస్‌ఎంపీఎస్‌ని దాని సొంత తీగలతో కలిపాం. కార్డుకి అసలైన 8 పిన్నుల తీగ. పవర్ లిమిట్ మళ్లీ 100.

నలభై నిమిషాలు. 12.05, 12.02, 12.04. మీటర్ ముల్లు ఉండుంటే కదలకపోయేది. కార్డుకి ఏమీ కాలేదు. ఏ రోజూ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావాడు యూట్యూబ్‌లో చూశాడట, పాత ఎస్‌ఎంపీఎస్ విప్పి కెపాసిటర్లు మార్చుకోవచ్చట, నూట యాభై రూపాయల పని అట. నేను నోరు తెరిచేలోపే బాబాయి కంచంలోంచి తలెత్తాడు. "ఫ్యాన్ కండెన్సర్ ముట్టుకుని నేను నిచ్చెన మీంచి పడ్డాను. నీకప్పుడు రెండేళ్లు. ప్లగ్ తీసే ఉంది." అంతే, మళ్లీ పప్పు కలుపుకున్నాడు. ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల పైనే నిలవ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు. ఇల్లంతా వైరింగ్ చేసే మనిషే దాని మూత విప్పనంటున్నాడు. మీరు విప్పకండి. పాడైన ఎస్‌ఎంపీఎస్‌ని అమ్మేసి ఇంకొకరి నెత్తిన కూడా పెట్టకండి.

సాయంత్రం వేరే షాపులో కొత్తది కొన్నాం. 650 వాట్లు, ఆరు వేలకి కొంచెం లోపు. నేను చూసినవి: 12 వోల్టుల గడిలో 54 ఆంపియర్లు, కార్డుకి సొంత 8 పిన్నుల తీగలు రెండు, ఐదేళ్ల వారంటీ, ఆ వారంటీ పనిచేయాలంటే జీఎస్టీ బిల్లు. 80 ప్లస్ బ్రాంజ్ అని స్టిక్కర్ కూడా ఉంది. ఆ స్టిక్కర్ కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుంది కానీ, ఎంత గట్టిదో చెప్పదు. అందుకే బ్రాంజా గోల్డా అని తలబద్దలు కొట్టుకోకుండా మోడల్ పేరుతో రివ్యూలు చదివి కొనండి. మోడల్ పేరే లేని ఎస్‌ఎంపీఎస్ అయితే అసలు కొనకండి. వచ్చేటప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా కొనిపించాను. దాని డబ్బులు నేనే ఇచ్చాను, విండోస్ మళ్లీ వేయించినందుకు ఫైన్ అనుకోండి.

మేం వచ్చేసరికి బాబాయి వాడి గదికి ఆకుపచ్చ ఎర్త్ తీగ లాగేశాడు, మెయిన్ బోర్డు నుంచి. గోడ పొడవునా కేసింగ్ కూడా వేశాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు చెత్తబుట్టలో ఉంది. కొత్త స్విచ్‌బోర్డు బిగిస్తూ, వెనక్కి తిరక్కుండానే "ఇప్పుడు ముట్టుకో" అన్నాడు. వాడు క్యాబినెట్ మీద అరచెయ్యి మొత్తం ఆనించాడు. జివ్వు లేదు.

రాత్రి ముందు ఫుటేజ్ కాపీ. అది అయ్యేసరికి రెండు. ఆదివారం పొద్దున్న మిగిలిన కట్‌లు, మధ్యాహ్నం మూడింటికి ఎక్స్‌పోర్ట్ కొట్టాడు. బాబాయి కూడా వచ్చి మంచం మీద కూర్చున్నాడు, పేపర్ చదువుతున్నట్టు. పెళ్లికూతురు నాన్న ఏడుస్తున్న షాట్ ప్రివ్యూలో వచ్చినప్పుడు పేపర్ కాస్త కిందకి దిగింది.

83 శాతం దగ్గర కరెంటు పోయింది.

పక్కింట్లో టీవీ ఆగిపోయిన చప్పుడు వినిపించింది. మావాడు కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్వర్టర్ ఉన్నా ఇంతకుముందు కరెంటు పోయినప్పుడల్లా పీసీ ఆఫ్ అయ్యి మళ్లీ ఆన్ అయ్యేది. స్క్రీన్ అలాగే ఉంది. 83. 84.

"ఇన్వర్టర్ వెనకాల స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్ అని" అన్నాడు బాబాయి పేపర్ తిప్పుతూ. "ఫ్యాన్లకి అవసరం లేదని నేనే తీసేశాను, కొన్నప్పుడు. నిన్న మళ్లీ వేశా. ఆ డబ్బాకి తొందరెక్కువంట కదా."

వాడు కుర్చీలో కూర్చున్నాడు. ఐదింటికి పెళ్లి వాళ్లు వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లారు.